పాత బుల్లెట్ టైమింగ్ కవర్: విప్పి బిగించిన ఏడేళ్లకి నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇది ఇప్పటి బుల్లెట్ల సంగతి కాదు. 2010 దరిదాపుల్లో ఆగిపోయిన పాత క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ సంగతి. 346 సీసీ, 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, కుడికాలితో గేర్లు, ఎడమకాలితో బ్రేకు. మా నాన్న 1996లో కొన్న బండి, ఇప్పుడు నా దగ్గరుంది. నరసరావుపేటలో ఉంటాం. దాని టైమింగ్ కవర్, అంటే ఇంజిన్ కుడిపక్క టైమింగ్ గేర్ల మీద ఉండే మూత, ఇప్పటికి మూడుసార్లు ఊడింది, ఒకసారి షెడ్డులో, రెండుసార్లు నా చేత్తో. మూడోసారి బిగించింది 2018 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో. అప్పట్నుంచి సుమారు 38 వేల కిలోమీటర్లు తిరిగి ఉంటా. సుమారు అని ఎందుకంటున్నానంటే మధ్యలో మీటరు కేబుల్ తెగి ఎనిమిది నెలలు అలాగే నడిపా. బిగించిన మర్నాడే "లీక్ లేదు, సూపర్" అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఏడేళ్ల తర్వాత ఏమైందో చెప్పేవాళ్లు తక్కువ, అందుకే ఇది రాస్తున్నా.

గొడవ మొదలైంది గచ్చు మీద మరకతో. మా ఇంట్లో బండి పెట్టేది గుమ్మం పక్కనే, అమ్మ ముగ్గు పెట్టే చోటుకి రెండడుగుల దూరం. పొద్దున లేచేసరికి రూపాయి బిళ్లంత నల్లమరక. కొన్నాళ్లకి అది అప్పడమంత అయింది. "బండి మీద అంత ప్రేముంటే నీ గదిలో పెట్టుకో" అంది అమ్మ. అక్కడినుంచి రోజూ బండి కింద అట్టముక్క వేయడం, రెండు రోజులకోసారి మార్చడం. బుల్లెట్ అన్నాక ఆయిల్ కారుతుంది, కారకపోతే లోపల లేనట్టే అని ఓ జోకు ఉంది చూశారూ, ఆ జోకు మీద నాకు నమ్మకం లేదు. మా నాన్న నడిపిన పద్దెనిమిదేళ్లూ గచ్చు శుభ్రంగానే ఉంది. అంటే తప్పు బండిది కాదు, మధ్యలో చెయ్యి పెట్టినవాళ్లది.

2014లో ఇగ్నిషన్ పాయింట్ల పనికని ఒక షెడ్డులో ఇస్తే, "గేర్ల సౌండ్ వస్తోంది" అని కవర్ కూడా ఊడదీశారు. ఎలా తీశారో రెండేళ్ల తర్వాత నేను విప్పినప్పుడు తెలిసింది. కవర్ అతుక్కుని రాకపోతే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి సుత్తితో కొట్టారు. అల్యూమినియం కదా, వెనకవైపు కింది మూల దగ్గర గోరు పట్టేంత గాటు. ఆ గాటు కనపడకుండా ప్యాకింగ్‌కి, అంటే కవర్‌కీ ఇంజిన్‌కీ మధ్య పెట్టే కాగితానికి, రెండువైపులా సిలికాన్ పేస్టు, అదే, ఏ కంపెనీదైనా మనవాళ్లు అనబాండ్ అనే పిలిచే పేస్టు, పెళ్లి కేక్ మీద క్రీములాగా పెట్టారు. బయటికి వచ్చిన పేస్టు మీకు కనిపిస్తుంది, వేలితో తుడిచేస్తారు. లోపలికి ఎంత వచ్చిందో ఎవరికి కనిపిస్తుంది?

ఇక్కడ ఈ ఇంజిన్ గురించి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. చాలా బళ్లలో టైమింగ్ కవర్ అంటే మూత, అంతే. ఈ బుల్లెట్‌లో అది మూత కాదు, ఆయిల్ సిస్టమ్‌లో సగం. ఆయిల్ పంపులు రెండూ దాంట్లోనే ఉంటాయి, క్రాంక్ చివర ఉన్న వార్మ్, అంటే మరలాంటి గేరు, వాటిని తిప్పుతుంది. ఆయిల్ ఫిల్టర్, అదే ఫెల్ట్ గుడ్డది, దాంట్లోనే. కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్‌కి, మనవాళ్లు బిగ్ ఎండ్ అంటారు, ఆయిల్ వెళ్లేది ఆ కవర్‌లో తొలిచిన దారుల్లోంచే. పైన వాల్వులని తెరిచే రాకర్లకి వెళ్లే సన్న పైపు కూడా అక్కడినుంచే బయల్దేరుతుంది. ఆ దారుల్లోకి పేస్టు ముక్క వెళ్లిందంటే ఇంజిన్‌కి గుండెపోటే. నాకు అదృష్టం బాగుండి రాకర్ల పైపులో ఇరుక్కుంది. రెండొందల కిలోమీటర్లు తిరిగాక పైన టకటకమని మొదలైంది. టాపెట్లు సరిచేసినా పోలేదు. చివరికి బాంజో బోల్టు, అదే ఆ పైపుని పట్టుకునే కన్నం బోల్టు, విప్పి చూస్తే దాని కన్నంలో సేమియా ముక్కలాంటి బూడిదరంగు సిలికాన్. అదే ముక్క బిగ్ ఎండ్ దారి పట్టి ఉంటే ఈ రివ్యూ ఉండేది కాదు, బండి కూడా ఉండేది కాదేమో.

2016లో నేనే విప్పా. బాగా చేశాననుకున్నా. పేస్టంతా గీకి, కడిగి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించా. గాటు కంటబడింది గానీ కొత్త ప్యాకింగే మూసేస్తుందిలే అనుకున్నా. మూడు రోజులు గచ్చు తెల్లగా ఉంది, నాలుగో రోజు మళ్లీ మరక. ఇందులో నా వెధవపని ఇంకొకటుంది. కవర్ స్క్రూలన్నీ ఒకే పొడవుండవు. నేను అన్నీ ఒకే గిన్నెలో వేశా. పొట్టి స్క్రూ పోవాల్సిన చోట పొడుగుది పోయింది. అది కన్నం అడుగుకి తగిలి ఆగిపోతుంది, చేతికి మాత్రం "ఆహా, ఎంత బిగుతుగా ఉందో" అనిపిస్తుంది. కవర్‌ని పట్టుకునేది ఏమీ లేదు అక్కడ. ఇంకా బిగిద్దామని చెయ్యి బలం చూపించా, థ్రెడ్ మొత్తం పోయింది. గుంటూరులో లేత్ దగ్గరికి తీసుకెళ్లి ఆ కన్నంలో స్ప్రింగులాంటి కొత్త థ్రెడ్, హెలికాయిల్ అంటారు, వేయించుకుని వచ్చా. లేత్ ఆయన పెద్దాయన, అందరూ భాయ్ అంటారు. కవర్ చూసి, గాటు మీద గోరు పెట్టి గీసి, "ఇది ఇట్టా ఉంటే నువ్వు ప్యాకింగ్ కాదు, పరుపేసినా కారుద్ది అబ్బాయ్" అన్నాడు. నిజం చెప్పాలంటే ఈ పని మొత్తంలో నేను నేర్చుకున్నది ఆ ఒక్క వాక్యం నుంచే. అయినా బద్ధకించి అలాగే మళ్లీ బిగించి, ఇంకో ఏడాదిన్నర అట్టముక్కలు మారుస్తూ గడిపా.

2018లో తీరిగ్గా కూర్చున్నా. ఈసారి ముందు చేసిన పని మా చెల్లి పెళ్లి శుభలేఖ ఒకటి తీసుకుని, వెనక కవర్ బొమ్మ గీసి, స్క్రూ ఉన్న ప్రతి చోటా కన్నం పొడవడం. ఊడిన స్క్రూ ఊడినట్టే ఆ కన్నంలో గుచ్చా. మందపాటి కార్డు కాబట్టి బాగా నిలబడ్డాయి. ఖర్చు సున్నా, దీనికి మాత్రం పదికి పది.

ఆయిల్ మొత్తం దించేశా, సైలెన్సర్ బెండు పైపు పక్కకి తప్పించా, రాకర్ పైపు విప్పా, పిస్టన్‌ని పైకి తెచ్చి రెండు వాల్వులూ మూసుకునే చోట పెట్టా. అలా పెడితే క్యామ్‌ల మీద వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడి ఉండదు, కవర్ తీసేటప్పుడు ఏదీ ఎగిరి బయటికి రాదు. పాత స్క్రూలు గాడి తలవి, సగానికి గాడి అరిగిపోయింది. మామూలు స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టకండి, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి. రెండు దెబ్బలకి కదలని స్క్రూ లేదు. ఇక కవర్‌ని చెక్కసుత్తితో చుట్టూ నెమ్మదిగా తడుతూ పోవాలి, సందులో ఏమీ దూర్చకూడదు. పది నిమిషాలు తట్టాక ఒక పక్క వెంట్రుకంత సందు వచ్చింది, అందులోంచి ఆయిల్ కారింది, అంతే, వచ్చేసింది. లోపల గేర్ల మీద గుర్తులు చుక్కలూ గీతలూ ఉంటాయి, వాటిని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకున్నా. గేర్లని మాత్రం వేలితో కూడా కదపలేదు.

గాటుని పెట్రోల్‌తో కడిగి మెటల్ ఎపాక్సీ నింపి ఒక రోజంతా వదిలేశా. మర్నాడు కిటికీకి వేయగా మిగిలిన మందపాటి అద్దం బల్ల మీద పరిచి, దాని మీద 400 నంబరు ఎమెరీ పేపరు తడిపి వేసి, కవర్ బోర్లించి ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పా. నొక్కకూడదు, కవర్ బరువే చాలు. పది చుట్లకోసారి ఎత్తి చూస్తే ఎక్కడ మెరుస్తోందో, ఎక్కడ ఇంకా మసగ్గా ఉందో తెలిసిపోతుంది. గంటన్నర పట్టింది చుట్టూ ఒకే మెరుపు రావడానికి. ఆ గంటన్నరే ఈ ఏడేళ్లూ నిలబెట్టిందని నా గట్టి నమ్మకం. పేస్టు కాదు, ఖరీదైన ప్యాకింగూ కాదు. తర్వాత దారులన్నిట్లోకీ సిరంజితో పెట్రోల్ కొట్టి, సైకిల్ పంపుతో గాలి పెట్టి, రెండోవైపు నుంచి గాలి వస్తోందా లేదా అని బుగ్గ ఆనించి చూసుకున్నా.

క్రాంక్ చివరకీ కవర్‌కీ మధ్య ఒక చిన్న కార్క్ వాషరు ఉంటుంది. చూస్తే సీసా మూతలో బిళ్లలా ఉంటుంది, విలువ లేనిదనిపిస్తుంది. బిగ్ ఎండ్‌కి వెళ్లే ఆయిల్ దారిలో పక్కకి పోకుండా ఆపేది అదే. నాది గట్టిపడి అంచు విరిగిపోయి ఉంది. ఇది మార్చకుండా కవర్ మూస్తే బయట లీకు ఆగుతుంది, లోపల బేరింగ్ ఎండుతుంది. కొత్తది ఆయిల్‌లో నానబెట్టి వేశా.

ప్యాకింగ్ మామూలు కాగితందే. పేస్టు బదులు రెండువైపులా పల్చగా గ్రీజు రాశా, వేలి ముద్ర కనిపించేంత పల్చగా. గ్రీజు అయితే మళ్లీ విప్పాల్సి వచ్చినా ప్యాకింగ్ చిరగదు, లోపలికి వెళ్లినా కరిగి ఆయిల్లో కలిసిపోతుంది. కవర్ పెట్టేటప్పుడు చివరి అరసెంటీమీటరు దగ్గర ఆగుతుంది, అక్కడే అందరూ స్క్రూలతో లాగేస్తారు. అది పంపు గేరు పళ్లు వార్మ్‌తో కలవక ఆగడం. కిక్కర్‌ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పుతూ అరచేత్తో నెడితే టక్కున కూర్చుంటుంది. స్క్రూలు అలెన్‌వి మార్చా. షాపుకి పాత స్క్రూలు శుభలేఖతో సహా తీసుకెళ్లి ఒక్కోదానికీ జత చూసుకున్నా, షాపాయన పెళ్లికి పిలవడానికి వచ్చాననుకున్నాడు. బిగించడం ఎదురెదురుగా, మూడు దఫాలు. అలెన్ కీ పొడుగు చెయ్యి స్క్రూలో పెట్టి పొట్టి చెయ్యి పట్టుకుని తిప్పండి, అప్పుడు అతిగా బిగించాలన్నా బలం చాలదు.

ఆయిల్ నింపాక వెంటనే స్టార్ట్ చేయలేదు. ప్లగ్గు తీసేసి ఒక యాభై కిక్కులు కొట్టా, కాలు పట్టేసింది. తర్వాత స్టార్ట్ చేసి రాకర్ దగ్గర బాంజో బోల్టు అర చుట్టు వదులు చేస్తే ఆయిల్ ఊరుతూ కనిపించింది, అప్పటికి టెన్షన్ దిగింది.

ఇంత చేసినా నెలరోజులకి కవర్ కింద మళ్లీ తడి. ఏడుపొక్కటే తక్కువ. ఒక వారం తల పట్టుకుని చూస్తే కారణం కవర్‌లో లేదు, బ్రీదర్ గొట్టంలో ఉంది. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా లోపలి గాలి బయటికి పోవాలి, ఆ గొట్టం చివరి రబ్బరు ఎండి అతుక్కుపోయింది. గాలికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఏ ప్యాకింగ్ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ని తోసేస్తుంది. కొత్త రబ్బరు ముక్క వేశా, తడి ఆగింది. మీ బండి కారుతుంటే కవర్ జోలికి పోకముందు ఇది చూడండి, పది నిమిషాల పని. నేను నాలుగేళ్లు దీన్ని చూడనేలేదు.

ఇప్పుడు ఏడేళ్ల లెక్క. దోర్నాల ఘాట్ మీదుగా శ్రీశైలం నాలుగుసార్లు వెళ్లొచ్చా, మే నెలలో కూడా. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు. గచ్చు మీద మరక లేదు. కవర్ ఊడదీయాల్సిన పని పడలేదు, ఫెల్ట్ ఫిల్టర్‌కి విడిగా మూత ఉంటుంది కాబట్టి అది దాని దారిన మారుస్తూ వచ్చా. నచ్చనివీ ఉన్నాయి. అలెన్ స్క్రూల గుంటల్లో మట్టి, ఆయిల్ జిడ్డు చేరి రాయిలా గట్టిపడుతుంది, కీ పెట్టే ముందు పిన్నీసుతో తవ్వాలి. నేను వేసినవి స్టెయిన్‌లెస్ కాదు, రెండో వానాకాలానికే తలలు తుప్పు పట్టాయి. స్టెయిన్‌లెస్ వేసేవాళ్లు థ్రెడ్‌కి గ్రీజు రాయడం మర్చిపోకండి, అల్యూమినియంలో అవి పట్టేసుకుంటాయి. పాత బళ్ల పిచ్చి ఉన్న మా మావయ్యకైతే ఆ స్క్రూలు చూస్తే ఒళ్లు మంట, "ఒరిజినల్ లుక్ పాడుచేశావురా" అని ప్రతి పండక్కీ ఒకసారి అంటాడు. ఆయన బండి కింద మాత్రం అట్టముక్క ఉంటుంది.

మా తమ్ముడు కారు వాడతాడు, టైమింగ్ గేర్ల బదులు చైన్ ఉన్న ఇంజిన్. ఆ చైన్ మీద ఉండే ఫ్రంట్ కవర్‌కి కాగితం ప్యాకింగే లేదు, కంపెనీయే పేస్టు వేయమంటుంది, సన్న తాడులా ఒకే ధారగా. కాబట్టి పేస్టు పాపమని నేననడం లేదు. కాగితం వేయమన్న చోట కాగితం, పేస్టు వేయమన్న చోట పేస్టు, అంతవరకే.

పోయిన నెలలో వెనక కింది మూల స్క్రూ దగ్గర, ఎపాక్సీ పెట్టిన చోటే, చిన్న చెమ్మ కనిపించింది. చుక్కగా మారడం లేదు, గుడ్డతో తుడిస్తే మళ్లీ రావడానికి వారం పడుతోంది. స్క్రూ బిగించి చూద్దామని చెయ్యి దురద పెట్టింది గానీ ఆపుకున్నా. కొత్త ప్యాకింగ్, కార్క్ వాషరు తెచ్చి బీరువాలో పెట్టా, శుభలేఖ కూడా అక్కడే ఉంది.