వెట్ వైపా, టిష్యూ-నీళ్లా?

కండోమ్ తీశాక ఒంటికి, చేతికి మిగిలే జిగటలో చాలావరకు లూబ్రికెంట్‌దే. ఎక్కువ కండోమ్‌ల మీద ఉండేది సిలికాన్ నూనె, అది ఒట్టి నీళ్లకు ఓ పట్టాన వదలదు. అందుకే వాడి పారేసే వెట్ వైప్ హాయిగా అనిపిస్తుంది. మంచం దిగక్కర్లేదు. ప్రయాణాల్లో, బాత్రూమ్ బయటెక్కడో ఉన్న ఇళ్లలో దీన్ని మించింది లేదు.

చిక్కల్లా ఆ తడిలో ఏముందన్నదే. వాసన కోసం కలిపే పెర్ఫ్యూమ్, పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్ సున్నితమైన చోట మంట, దురద తెప్పించొచ్చు. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్‌ని చర్మ అలర్జీలు చూసే అమెరికా వైద్యుల సంఘం 2013లో ‘ఆ ఏటి అలర్జీ కారకం’గా ప్రకటించింది. కొనేముందు ప్యాకెట్ వెనక ఆ పేరుందేమో చూడండి. యోని లోపల పీహెచ్ (ఆమ్ల గుణం కొలత) మామూలుగా 3.8 నుంచి 4.5, అంటే కాస్త ఆమ్లమే, అక్కడి శుభ్రత ఒళ్లే చూసుకుంటుంది. వైప్ అయినా, సబ్బు అయినా పైపైనే.

ఇంట్లో ఉంటే మాత్రం నా ఓటు టిష్యూ-నీళ్లకే. ముందు పొడి టిష్యూతో జిగట తీసేసి, గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బు కొంచెం. ఖర్చు నామమాత్రం. చవక టిష్యూ తడిస్తే పీలికలై అంటుకుంటుంది, అదొక్కటే విసుగు.

వైప్‌ని కమోడ్‌లో వేయొద్దు, పాలిస్టర్ కలిసినవి నీళ్లలో కరగక పైపుకి అడ్డం పడతాయి. కండోమ్ కూడా అంతే: ముడేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. మన దేశంలో 2016 ఘన వ్యర్థాల నిబంధనలు దాన్ని డైపర్లు, ప్యాడ్లతో పాటు శానిటరీ వ్యర్థాల్లోనే చేర్చాయి.