నేపుల్స్‌లో చేప తినేముందు తూకం వేయించండి

186 యూరోల 30 సెంట్లు. ఇటలీలోని నేపుల్స్‌లో దిగిన రోజు రాత్రి నలుగురం తిన్న భోజనానికి కట్టిన డబ్బు ఇది. మన లెక్కలో 18 వేల పైమాటే. నెల దాటినా కడుపుమంట తగ్గలేదు, అందుకే ముందు ఇదే రాస్తున్నాను.

మేం మ్యూనిక్‌లో ఉంటాం. కాకినాడ నుంచి అమ్మానాన్నా వచ్చారు. నాన్నకు సముద్రం కనిపించకపోతే తోచదని నేనూ మా ఆయనా ఈ ఊరు ఎంచుకున్నాం. శనివారం రాత్రి కాస్తెల్ దెల్లోవో కోట కనిపించేలా ఒడ్డున ఉన్న ఒక రెస్టారెంట్‌లో కూర్చున్నాం. వెయిటర్ పళ్ళెంలో పచ్చి చేప తెచ్చి చూపించాడు. పేరు స్పీగొలా. నాన్న వంగి మొప్ప ఎత్తి చూశారు. ఎర్రగా ఉంది, కన్ను నిగనిగలాడుతోంది. "మన పండుగప్ప జాతే అమ్మాయ్, ఇవాళ పట్టిందే" అని సంబరపడ్డారు. మెనూలో దాని పక్కన 8 అని ఉంది. మా ఆయనకు అనుమానం వచ్చి రేటు అడగబోతే, నాన్న ముందు ఎందుకులెమ్మని నేనే ఆపాను. ఆ తప్పు నాదే.

ఆ 8 పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో 'ఎత్తో' అని ఉందట. ఎత్తో అంటే 100 గ్రాములు. చేప 1 కిలో 400 గ్రాములని బిల్లులో వేశాడు, 112 యూరోలు! మా కళ్ళముందు తూచింది లేదు. దాని మీద మనిషికి 3 చొప్పున కొపెర్తో 12 (బల్ల మీద గుడ్డ పరిచి రొట్టె పెట్టినందుకు తీసుకునేది), రెండు నీళ్ళ సీసాలు 8, మా ఆయన తిన్న ఆల్చిప్పల పాస్తా 18, శనివారమని అమ్మ తిన్న వంకాయ పార్మిజానా 12. మొత్తం 162కి 15 శాతం సర్వీసు 24.30. అంతా మెనూలో రాసే ఉంది, దెబ్బలాడటానికి ఏమీ మిగల్లేదు.

నాన్న బాధ మాత్రం డబ్బు గురించి కాదు. వెయిటర్ చేపను ముళ్ళు తీసి వడ్డించి, తలకాయ లోపలికి పట్టుకుపోయాడు. "తలకాయ బరువుకి కూడా డబ్బులు తీసుకున్నాడు కదమ్మా, మరి అదేది?" అని బసకు చేరేదాకా అడుగుతూనే ఉన్నారు. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ మాట్లాడకపోతే నాకు ఇంకా కష్టం.

బస సంగతి చెప్పాలి, అక్కడ మాకు మంచే జరిగింది. సెంట్రల్ స్టేషన్ దగ్గర పాతకాలపు భవనం, నాలుగో అంతస్తు. గది రాత్రికి 74 యూరోలు, సిటీ ట్యాక్స్ వేరే. లిఫ్ట్‌లో 20 సెంట్ల నాణెం వేస్తేనే కదులుతుంది! ఈ ఊళ్ళో పాత ఇళ్ళలో ఇది మామూలేనట. అమ్మ మోకాళ్ళ సంగతి విన్న ఇంటావిడ, మర్నాడు పొద్దున్న గుమ్మం దగ్గర ఒక కప్పు నిండా నాణేలు పెట్టి వెళ్ళింది. అమ్మ ముఖంలో నవ్వు మళ్ళీ అప్పుడే చూశాను.

ఆదివారం పురావస్తు మ్యూజియం. 1938లో పాంపేయి తవ్వకాల్లో దొరికిన దంతపు బొమ్మ కోసమే వెళ్ళాను. జానెడుకు కాస్త ఎక్కువ ఎత్తు. చేతుల నిండా గాజులు, కాళ్ళకు బరువైన కడియాలు, అటూ ఇటూ ఇద్దరు చెలికత్తెలు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేయిని పూడ్చేనాటికే మన దేశం నుంచి అక్కడికి చేరింది. మొదట్లో లక్ష్మి అన్నారు, తర్వాత యక్షిణి అన్నారు. శాతవాహనుల ఏలుబడిలోని భోకర్దన్‌లో (ఇప్పటి మహారాష్ట్ర) ఇలాంటి దంతపు పని బయటపడింది కాబట్టి అక్కడిదే కావచ్చని కొందరి ఊహ. ఇది శృంగార శిల్పాలన్నీ పెట్టిన 'రహస్య గది'లో ఉంది, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ముందే చెప్పి తీసుకెళ్ళండి. అమ్మ తల వంచుకుని నడిచింది కానీ ఆ బొమ్మ ముందు ఆగిపోయింది. "ఆ కడియాలు మా నాయనమ్మవి లాగే ఉన్నాయే" అంది. నాకు కళ్ళు చెమర్చాయి.

సోమవారం పాంపేయి, ఎండ తప్ప ఇబ్బంది లేదు.

మధ్యలో తిన్నవాటిలో రెండు మర్చిపోలేను. వియా దెయి త్రిబునాలి వీధిలో మరినారా పిజ్జా, 5.50. పేరు చూసి చేప అనుకుంటారు. చేపా లేదు, చీజూ లేదు. టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, ఆలివ్ నూనె, అంతే. శాకాహారులు కళ్ళు మూసుకుని తినొచ్చు. రెండోది స్ఫొల్యతెల్లా, 2.80. కొరికితే పొరలు పొరలుగా విడిపోతుంది, లోపల రికోట్టా అనే మెత్తటి చీజు, రవ్వ. తాపేశ్వరం మడత కాజా తిన్న నోటికి ఆ పొరలు కొత్త కాదు. కాఫీ నిలబడే తాగండి, కూర్చుంటే రేటు మారిపోతుంది.

మంగళవారం ముసుగు క్రీస్తు శిల్పం చూద్దామని సాన్‌సెవెరో చాపెల్‌కి వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. మంగళవారం సెలవు, మ్యూజియానికీ అదే రోజు. 1753లో శిల్పి సాన్‌మార్తినో పాలరాతిలో చెక్కిన ఆ పల్చటి ముసుగు చూడకుండా తిరిగొచ్చాను. ఈ ఊరికి మంగళవారం మిగిలేలా టికెట్లు తీసుకోకండి.

అక్కడి నుంచి నడుచుకుంటూ పిన్యసెక్కా బజారుకు వెళ్ళాం. చేపల బల్లలు, అరుపులు, కింద తడి. నాన్నకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే వేయించి కాగితం పొట్లంలో పోసి ఇచ్చే దాన్ని కువొప్పో అంటారు, పొట్లం 8 యూరోలు. మొదటిది విప్పగానే నాన్న ఒకటి తీసి వెలుగులో పెట్టి చూశారు. "నెత్తళ్ళు!" అన్నారు. తలకాయలతో సహా ఉన్నాయి. నలుగురం మెట్ల మీద కూర్చుని తిన్నాం. నాన్న నన్ను అడక్కుండానే లేచి వెళ్ళి, వేలు చూపించి ఇంకో పొట్లం తెచ్చుకున్నారు.