8×42, 10×42, స్పాటింగ్ స్కోప్: సిక్కోలు పక్షులు చూడ్డానికి ఏది మేలు?

తేలినీలాపురం గూడబాతులు, తేలుకుంచి కొంగలు, నౌపడ ఉప్పు మడుల్లో దిగే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు. శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఇవన్నీ పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చూసి వచ్చేంత దగ్గర. అందుకే "పాతిక వేల లోపు పెట్టగలను, ఏది కొనాలి?" అన్న ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్కటే కొనేటట్టయితే 8×42 బైనాక్యులర్స్ కొనండి. స్పాటింగ్ స్కోప్, అంటే ట్రైపాడ్ మీద పెట్టి ఒక కంటితో చూసే టెలిస్కోప్, అవసరమే కానీ అది రెండో వస్తువు, అదీ నౌపడ లాంటి చోట్లకి.

ఎందుకో అర్థం కావాలంటే ఆ అంకెల సంగతి చూడాలి. 8 అంటే పక్షి ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని. 42 అంటే ముందు లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. కంటికి చేరే వెలుగు కట్ట అంత లావు అన్నమాట. 10×42లో అది 4.2కి తగ్గుతుంది. 20-60×80 స్కోప్‌ని, అంటే 80 మిల్లీమీటర్ల లెన్స్‌తో 20 నుంచి 60 రెట్ల దాకా మార్చుకునేదాన్ని, 20 దగ్గర పెడితే 4, 60కి తిప్పితే 1.3 మాత్రమే. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకి ముడుచుకుంటుంది కాబట్టి బైనాక్యులర్స్ రెండింటికీ తేడా తెలియదు. తేడా అంతా తెల్లవారుజామున, మునిమాపు వేళ. గూళ్ల దగ్గర సందడి ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఆ వేళకి కంటిపాప విచ్చుకుంటుంది, ఎనిమిదిలో కొమ్మల నీడలోని పిల్ల కూడా కనిపిస్తుంది, అరవైలో బూడిద రంగు మచ్చ కనిపిస్తుంది.

తేలినీలాపురంలో గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. వీటిని సైబీరియా పక్షులంటారు కానీ ఈ గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలు దాటి ఉండదు. అది మన పక్షే. దూరం తక్కువ కాబట్టి ఇక్కడ కావలసింది ఎక్కువ రెట్లు కాదు, ఎక్కువ వెడల్పు, అంటే ఒక్క చూపులో కనిపించే దృశ్యం వెడల్పు. వాలుతున్న గూడబాతుని వెంబడించి చూడాలంటే ఆ వెడల్పే దిక్కు. వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీలో 8×42 తీసుకుంటే కిలోమీటరు దూరంలో సుమారు 131 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అదే మోడల్ 10×42లో 110. పైగా పది రెట్లంటే చేతి వణుకు కూడా పది రెట్లు. చెయ్యి నిలకడగా ఉండేవాళ్లు, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట ట్రైపాడ్ మొయ్యకుండా తిరగాలనుకునేవాళ్లు 10×42 తీసుకోవచ్చు. వాళ్లకది సరైనదే. మిగతావాళ్లకి నేను చెప్పను.

తేలుకుంచికీ ఇదే మాట. అక్కడికి వానలతో పాటు వచ్చే ఓపెన్‌బిల్ కొంగకి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పిల్లలకి ఆ సందు ఉండదు. ఏది పెద్దది, ఏది పిల్ల అని తేల్చుకోవడానికి ఎనిమిది రెట్లు చాలు.

నౌపడ సంగతి వేరు. మడి గట్టు మీద నిలబడితే పిట్టలు రెండు వందల మీటర్ల అవతల ఉంటాయి, దగ్గరికి వెళితే లేచిపోతాయి. ఉల్లంకి రకాల్లోనే లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, టెమింక్స్ స్టింట్ కాళ్లు పసుపు. పిచ్చుకంత పిట్ట కాలి రంగు అంత దూరం నుంచి బైనాక్యులర్స్‌కి అందదు. ముప్పై రెట్లు కావాలి, అంటే స్కోప్, దానికో ట్రైపాడ్.

అయితే స్కోప్ కొనేవాళ్లు అరవై అన్న అంకె చూసి డబ్బు పెట్టకండి. ఎండెక్కేసరికి ఉప్పు మడుల మీద గాలి మరుగుతున్న నీళ్లలా కదులుతుంది. అప్పుడు అరవైలో పిట్ట ఆకారమే నిలవదు, ఎంత ఖరీదైన లెన్స్ అయినా అంతే. రోజులో ఎక్కువసేపు పనికొచ్చేది ఇరవై నుంచి నలభై దాకానే. అందుకని 80 మిల్లీమీటర్ల లెన్స్ కన్నా 65ది మేలని నా అభిప్రాయం. 80ది ఒక్కటే కిలోన్నర దాకా తూగుతుంది, గట్ల మీద నడిచేటప్పుడు ఆ తేడా భుజానికి తెలుస్తుంది. మిగిలిన డబ్బు ట్రైపాడ్‌కి పెట్టండి. సముద్రపు గాలికి ఊగిపోయే ట్రైపాడ్ మీద మంచి స్కోప్ పెట్టినా దండగే. కంటి వైపు గొట్టం వంగి ఉన్న రకం తీసుకుంటే పొడుగువాళ్లు, చిన్నపిల్లలు అందరూ ఎత్తు మార్చకుండా చూడొచ్చు. బడి పిల్లల్ని తీసుకెళ్లే టీచర్లకి మాత్రం బైనాక్యులర్స్ కన్నా ముందు ఇదే కొనమంటాను. ఒక్కొక్కరే వచ్చి అదే పక్షిని, అదే గూటిని చూస్తారు.

8×42లో ఏ మోడల్ అంటే, నికాన్ మోనార్క్ ఎం5లో ఈడీ గాజు, అంటే అంచుల్లో రంగులు చెదరడాన్ని తగ్గించే గాజు, ఉంటుంది. ఆకాశం మీద తెల్ల కొంగ రెక్క అంచున ఊదా గీత బాగా తగ్గుతుంది. కానీ వెడల్పు 112 మీటర్లే. డైమండ్‌బ్యాక్ వెడల్పులో గెలుస్తుంది. ఎగిరే పక్షులు ఇష్టమైతే డైమండ్‌బ్యాక్, గూడు దగ్గర కూర్చుని గంటలసేపు చూసేవాళ్లయితే మోనార్క్. కళ్లజోడు ఉన్నవాళ్లు లెన్స్‌కీ కంటికీ మధ్య కనీసం 15 మిల్లీమీటర్ల ఎడం ఇచ్చేది చూసుకోవాలి. ఎం5 19.5 ఇస్తుంది. ఇంకా తక్కువలో కావాలంటే సెలెస్ట్రాన్ నేచర్ డీఎక్స్ ఉంది, మొదటిసారి కొనేవాళ్లకి చాలా బాగుంటుంది. జాతరల్లో, ఆన్‌లైన్‌లో వంద రెట్లని అమ్మే ఎర్ర లెన్సుల జూమ్ రకం జోలికి అసలు వెళ్లొద్దు.

మన తీరంలో లెన్సుకి పెద్ద శత్రువు తేమ. ఒకసారి బూజు పట్టిందంటే లెన్స్ పూతని తినేస్తుంది. నైట్రోజన్ నింపి సీల్ చేసిన మోడలే కొనండి, ఇంట్లో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. ఉప్పు గాలిలో తిరిగి వచ్చాక లెన్స్‌ని ముందు ఊది, ఆ తర్వాతే తడి బట్టతో అద్దండి. పొడి బట్టతో రుద్దితే ఉప్పు రేణువులు గీతలు పెడతాయి.

వీలైతే విశాఖలో షాపుకి వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనండి. ఆన్‌లైన్ అయితే వాపసు గడువు చూసుకోండి. పెట్టె విప్పిన రోజే రెండు పరీక్షలు చెయ్యాలి. బైనాక్యులర్స్‌ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని వెలుగు వైపు చూస్తే కంటి వైపు ఉండే లెన్సుల్లో రెండు గుండ్రటి వెలుగు బిళ్లలు కనిపించాలి. అంచులు చదరంగా నరికినట్టు ఉంటే లోపల ప్రిజం, అంటే వెలుగుని తిప్పే గాజు దిమ్మ, తక్కువ రకం. తర్వాత దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని ఐదు నిమిషాలు కదలకుండా చూడండి. కళ్లు లాగినా, స్తంభం రెండుగా విడిపోతున్నట్టు అనిపించినా గొట్టాలు రెండూ ఒక వరసలో లేవన్నమాట. అది సర్దుకుంటుందని అట్టే పెట్టుకోకుండా వెంటనే వెనక్కి పంపెయ్యండి.