విడుదల వరుసా, కథా కాలం వరుసా: ఏది మేలు?

డీసీ (బ్యాట్‌మన్, సూపర్‌మ్యాన్ కథల కామిక్స్ సంస్థ) యానిమేషన్ సినిమాలు చూడ్డం మొదలుపెట్టాలనుకునే ఎవరికైనా ముందు వచ్చే సందేహం ఒక్కటే: ఏ వరుసలో చూడాలి? ఫ్యాన్స్ ఇక్కడ రెండు జట్లుగా విడిపోతారు. విడుదలైన వరుసలోనే చూడాలని ఒక జట్టు, కథలో ముందు జరిగింది ముందు చూడాలని ఇంకో జట్టు. మొదటిసారి చూసేవాళ్లకు విడుదల వరుసే మేలని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పాలంటే కొన్ని మలుపులు బయటపెట్టక తప్పదు. ఇంకా చూడనివాళ్లు గమనించగలరు.

2013లో ‘జస్టిస్ లీగ్: ది ఫ్లాష్‌పాయింట్ పారడాక్స్’తో మొదలై, 2020లో ‘జస్టిస్ లీగ్ డార్క్: అపోకలిప్స్ వార్’తో ముగిసిన సిరీస్ సంగతి చూడండి. మెరుపు వేగంతో పరుగెత్తే హీరో ఫ్లాష్, అంటే బ్యారీ ఆలెన్, తల్లిని బతికించుకోవడానికి కాలంలో వెనక్కి పరుగెత్తుతాడు. దాంతో లోకమంతా తారుమారవుతుంది. ఆ లోకంలో బ్యాట్‌మన్‌గా తిరిగే థామస్ వేన్ (మనకు తెలిసిన బ్యాట్‌మన్ తండ్రి), ఫ్లాష్ శత్రువు ప్రొఫెసర్ జూమ్‌ను తలలో కాల్చి చంపేస్తాడు. చివరికి బ్యారీ మళ్లీ పరుగెత్తి ఆ లోకాన్నే చెరిపేస్తాడు.

ఇక 2018లో వచ్చిన ‘సూసైడ్ స్క్వాడ్: హెల్ టు పే’లో అదే జూమ్ మళ్లీ కనిపిస్తాడు. తలలో తూటా గాయం అలాగే ఉంటుంది. చావు దగ్గరపడ్డ ఆ ఒక్క క్షణాన్ని స్పీడ్ ఫోర్స్‌తో (ఈ పరుగువీరులకు వేగాన్నిచ్చే శక్తి) సాగదీసుకుంటూ బతుకుతున్నాడన్నమాట. ఫ్లాష్‌పాయింట్ చూసినవాళ్లకు ఆ గాయం కనిపించగానే ఒళ్లు జలదరిస్తుంది. చూడనివాళ్లకు అతను మామూలు విలన్. మరి కథా కాలం ప్రకారం జూమ్ చావును ఎక్కడ పెట్టాలి? అది జరిగిన లోకం ఇప్పుడు లేనే లేదు. ఏ తేదీ వేసినా తప్పే. ముందు ఏ సినిమా వచ్చింది, తర్వాత ఏది వచ్చింది అన్న లెక్క ఒక్కటే ఇక్కడ నిలుస్తుంది.

ఆ తర్వాతి సిరీస్, ఫ్యాన్స్ ‘టుమారోవర్స్’ అని పిలిచేది, ఈ చిక్కును ఇంకా పెంచింది. 2020లో ‘సూపర్‌మ్యాన్: మ్యాన్ ఆఫ్ టుమారో’తో మొదలై, 2024లో మూడు భాగాల ‘క్రైసిస్ ఆన్ ఇన్‌ఫినిట్ ఎర్త్స్’తో ముగిసింది. మధ్యలో 2021లో ‘జస్టిస్ సొసైటీ: వరల్డ్ వార్ 2’ వచ్చింది. పేరు చూసి, రెండో ప్రపంచ యుద్ధం కథ కదా, అన్నిటికన్నా ముందు చూసేద్దాం అనిపిస్తుంది. అలా చేస్తే కథ మొత్తం గందరగోళం. ఎందుకంటే బ్యారీ కథ మొదలయ్యేది మన కాలంలో, అప్పటికే సూపర్‌మ్యాన్ ఉన్న మెట్రోపొలిస్‌లో. తాను గతంలోకి వెళ్లాననుకుంటాడు గానీ, వెళ్లింది వేరే భూమికని తర్వాత తెలుస్తుంది. బ్యారీతో పాటు మనమూ మోసపోవాలి, అందులోనే ఆ సినిమా మజా ఉంది. టైమ్‌లైన్ పట్టిక ముందేసుకుని కూర్చుంటే ఆ గుట్టు సినిమా మొదలవకముందే రట్టవుతుంది.

అయితే కథా కాలం జట్టు వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. 1992లో ‘బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్’తో మొదలైన పాత లోకం దగ్గర వాళ్లదే పైచేయి. అక్కడ ‘బ్యాట్‌మన్ బియాండ్: రిటర్న్ ఆఫ్ ది జోకర్’ 2000లో వచ్చింది, ‘మిస్టరీ ఆఫ్ ది బ్యాట్‌ఉమన్’ 2003లో వచ్చింది. కథలో మాత్రం రెండోదే ముందు జరుగుతుంది. అందులో టిమ్ డ్రేక్ ఇంకా హుషారైన రాబిన్, అంటే బ్యాట్‌మన్ కుర్ర జోడీ. ఆ పిల్లాడితో కాస్త చనువు ఏర్పడ్డాక, ‘రిటర్న్ ఆఫ్ ది జోకర్’లో విలన్ జోకర్ అతన్ని ఏం చేశాడో చూస్తే గుండె పిండేస్తుంది. విడుదల వరుసలో వెళ్తే ఆ దెబ్బ ముందే తగిలిపోతుంది, తర్వాత టిమ్‌ను నవ్వుతూ చూడటం ఇంకో రకం బాధ. నాకైతే ఇక్కడ కథా కాలం దారే నచ్చుతుంది.

ఒంటరి సినిమాలను మాత్రం ఈ గొడవలోకి లాగకండి. ‘ది న్యూ ఫ్రాంటియర్’ (2008), ‘అండర్ ది రెడ్ హుడ్’ (2010) దేనికదే. ‘క్రైసిస్ ఆన్ టూ ఎర్త్స్’ (2010) కథను మొదట రెండు జస్టిస్ లీగ్ సీరియళ్లను కలిపే వంతెనగా అనుకున్నారు. కానీ చివరికి వచ్చిన సినిమా విడిగానే నిలబడింది. వీటిని ఎప్పుడు చూసినా ఫర్వాలేదు.

అన్నీ చూసే ఓపిక లేనివాళ్లకు మూడో దారి ఉంది: ఒక పాత్ర వెంట పడటం. బ్యాట్‌మన్ కొడుకు డేమియన్ వేన్‌ను పట్టుకోండి. ‘సన్ ఆఫ్ బ్యాట్‌మన్’, ‘బ్యాట్‌మన్ వర్సెస్ రాబిన్’, ‘బ్యాడ్ బ్లడ్’, ‘జస్టిస్ లీగ్ వర్సెస్ టీన్ టైటన్స్’, ‘ది జూడస్ కాంట్రాక్ట్’, ఆఖరికి ‘అపోకలిప్స్ వార్’. హంతకుల మధ్య పెరిగి, చంపడం తప్పేముంది అన్నట్టు ఇంటికొచ్చిన పిల్లాడు చివర్లో తండ్రికి తగలాల్సిన దెబ్బకు తానే అడ్డం పడతాడు. ఈ ఆరింటికీ విడుదల వరుసా, కథ వరుసా ఒకటే. నేరుగా మొదటిదానితో మొదలుపెట్టేయొచ్చు.