మధ్యయుగపు ఊళ్లు చూడాలంటే రోటెన్‌బుర్గ్ ఒక్కటీ చూసి వచ్చేయకండి

జర్మనీలో మ్యూనిక్, న్యూరెంబర్గ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల ఇళ్లకి ఎండాకాలంలో అమ్మానాన్నలు వస్తారు. వాళ్లకి పాతకాలపు ఊరు ఒకటి చూపించాలంటే అందరి నోటా వచ్చే పేరు రోటెన్‌బుర్గ్. పొద్దున రైలెక్కి, మధ్యాహ్నం జనంలో పడి నాలుగు వీధులు తిరిగి, ఫొటోలు దిగి, సాయంత్రానికి ఇంటికి. నా మాట వింటే అలా వెళ్లొద్దు. ఊరు చాలా మంచిది, చూసే పద్ధతి మార్చుకోవాలి, పైగా అదే బవేరియా రాష్ట్రంలో నాకు అంతకంటే నచ్చిన ఊళ్లు ఇంకో రెండున్నాయి.

రోటెన్‌బుర్గ్ 1274లో చక్రవర్తికి తప్ప ఇంకెవరికీ లొంగని స్వతంత్ర నగరం అయింది, అంటే మన ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులు. తర్వాత ముప్పై ఏళ్ల యుద్ధంలో, 1631లో, కాథలిక్ సేనాని టిల్లీ సేనలు ఊరిని పట్టుకున్నాయి, 1634లో ప్లేగు వచ్చింది, దాంతో ఊరు చితికిపోయింది. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత లేకపోవడం వల్లే అవి అలా నిలిచిపోయాయి. ఇంకో సంగతి కూడా తెలుసుకుని వెళ్లాలి: 1945 మార్చి 31న బాంబులు పడి ఊళ్లో దాదాపు 40 శాతం, ముఖ్యంగా తూర్పు వైపు, నాశనమైంది. కోటగోడ మీద ఆ వైపు నడుస్తుంటే గోడకి పొదిగిన రాతి పలకల మీద వరసగా పేర్లు కనిపిస్తాయి, జపాన్ వాళ్లవి కూడా చాలానే ఉంటాయి, గోడ తిరిగి కట్టడానికి డబ్బిచ్చినవాళ్ల పేర్లవి. "అయితే ఇది అసలుది కాదన్నమాట" అని పెదవి విరిచేవాళ్లున్నారు, నాకు మాత్రం ఆ పేర్లు చదువుకుంటూ నడిచిన దారే ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది.

సెయింట్ యాకోబ్ చర్చిలో రీమెన్‌ష్నైడర్ చెక్కిన బలిపీఠం టికెట్ కొని మరీ చూడాల్సిందే. రంగు వేయని కొయ్య మీద ఏసు చివరి విందు, మధ్యలో నిలబడినవాడు ఏసు కాదు, ఆయన్ని పట్టిచ్చిన శిష్యుడు, డబ్బు సంచి పట్టుకున్న యూదా! దగ్గరగా నిలబడి చేతివేళ్లూ బట్టల మడతలూ చూడండి, టైమ్ తెలియదు. ఏడాది పొడుగునా తెరిచుండే క్రిస్మస్ షాపు ఒకటుంది, పిల్లలకి ఇష్టమవుతుంది. ష్నీబాల్ అనే పిండివంట పొడిపొడిగా ఉంటుంది, ఒకటి కొని నలుగురు పంచుకుంటే చాలు. అసలైన సలహా ఏమిటంటే ఆ రాత్రికి అక్కడే ఉండిపోండి. టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక ఊరు ఊరిలా ఉంటుంది, లాంతరు పట్టుకుని రాత్రి కాపలావాడి వేషంలో ఊరంతా తిప్పుతూ కథలు చెప్పే టూర్ ఇంగ్లీషులో కూడా ఉంది.

ఒక్కరోజే కుదురుతుందంటే మాత్రం నేను నోర్డ్‌లింగెన్‌కే ఓటేస్తాను. దాదాపు కోటిన్నర ఏళ్ల కిందట ఉల్క పడి ఏర్పడిన, సుమారు 25 కిలోమీటర్ల వెడల్పున్న గుంటలో కట్టుకున్న ఊరది. చుట్టూ కోటగోడ ఎక్కడా తెగకుండా గుండ్రంగా ఉంది, పైన కప్పుతో సహా, టికెట్ లేకుండా మొత్తం చుట్టి రావచ్చు, రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు. గోడకి ఆనుకునే ఇళ్లున్నాయి, నడుస్తుంటే ఒకవైపు ఆరేసిన బట్టలు, కూరగాయల మడులు, పిల్లల సైకిళ్లు. డానియెల్ అనే చర్చి బురుజు 90 మీటర్లు, 350 మెట్లు, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. ఎక్కలేనివాళ్లు కింద ఆ బురుజు గోడ రాయినైనా దగ్గరగా చూడాలి: బూడిదరంగులో నల్లటి గాజుపెళ్లలు ఇరుక్కుని ఉంటాయి, ఉల్క తాకిడికి కరిగి గడ్డకట్టిన రాయి అది, కంటికి కనిపించనంత చిన్న వజ్రాలు కూడా అందులో ఉన్నాయి. రాత్రి పది నుంచి పన్నెండు దాకా అరగంటకోసారి బురుజు పైనుంచి కాపలావాడు ఇప్పటికీ కేకేస్తాడు. ఇంత ఉన్నా జనం తక్కువ, అదే నాకు ఆశ్చర్యం.

చరిత్ర మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకి రెగెన్స్‌బుర్గ్. డాన్యూబ్ మీద రాతి వంతెన 1135లో మొదలైంది, మన వేయిస్తంభాల గుడి కంటే ముందు. 1189లో జర్మన్ చక్రవర్తి బార్బరోసా జెరూసలేం కోసం జరిగిన మూడో క్రూసేడు యుద్ధానికి బయల్దేరింది ఈ ఊరినుంచే. వీధుల్లో ఇళ్లమధ్య పొడుగాటి బురుజులు కనిపిస్తాయి, అవి యుద్ధం కోసం కాదు, వ్యాపారులు తమ సంపద చూపించుకోవడానికి కట్టుకున్నవి. 1663 నుంచి 1806 దాకా పవిత్ర రోమన్ సామ్రాజ్యపు సభ జరిగిన పాత టౌన్‌హాల్ లోపలికి గైడుతోనే పంపిస్తారు, కింద చిత్రహింసల గది కూడా చూపిస్తారు, చిన్నపిల్లలుంటే ఆలోచించుకోండి. యూనివర్సిటీ ఊరు కాబట్టి శాకాహారులకి తిండి టెన్షన్ తక్కువ.

రెగెన్స్‌బుర్గ్‌కి మ్యూనిక్ నుంచీ న్యూరెంబర్గ్ నుంచీ నేరుగా రైళ్లున్నాయి. నోర్డ్‌లింగెన్‌కి డోనవ్యోర్ట్‌లో మారాలి, రోటెన్‌బుర్గ్‌కి స్టైనాఖ్‌లో. మూడింటికీ లోకల్ రైళ్లే సరిపోతాయి కాబట్టి బవేరియా టికెట్ అనే ఒకరోజు పాస్ ఒకటి కొంటే ఐదుగురి దాకా వెళ్లొచ్చు, కాకపోతే మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. గుండ్రాళ్ల వీధులు, స్ట్రోలర్ కంటే పిల్లని ఎత్తుకునే క్యారియర్ మేలు, పెద్దవాళ్లకి చెప్పులు కాదు బూట్లు వేయించండి.