నిమ్మలకుంట తోలుబొమ్మలు: ఎక్కడ దిగాలి, ఏది కొనాలి, డబ్బు ఎవరికి చేరుతుంది

నిమ్మలకుంట ధర్మవరం మండలంలోని ఊరు. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, జనం నోట ఇంకా అనంతపురం జిల్లాయే. ఇక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. టికెట్టు కొని చూసే మ్యూజియం కాదిది, ఇళ్లలో పని నడిచే ఊరు. కళాకారులు తరచూ ఎగ్జిబిషన్లకు వెళ్తుంటారు కాబట్టి ముందు ఫోన్ చేయకుండా బయలుదేరితే తాళం వేసిన ఇళ్లు చూసి తిరిగి రావలసి ఉంటుంది.

ధర్మవరం జంక్షన్‌లో దిగి ఆటో మాట్లాడుకోవడం సులువు. వెయిటింగుతో కలిపి రానుపోను రేటు ముందే తేల్చుకోండి. ఊరి నుంచి తిరుగు ఆటో దొరకడం కష్టం. ధర్మవరం లాడ్జీలు పట్టుచీరల వ్యాపారుల కోసం ఉన్నవి, ఒక రాత్రికి సరిపోతాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వస్తే కాస్త దూరమైనా అనంతపురంలో దిగడమే మంచిది. పొద్దున ఉగ్గాని, బజ్జి తిని బయలుదేరితే ఎండ ముదరకముందే చేరవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు.

పని చూడటానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు, కొవ్వు గీకేసి, బిగలాగి ఆరబెడతారు. చెప్పులతోలులా పదును చేయరు, అందుకే దీపం వెలుగు తోలు గుండా బయటికి వస్తుంది. గీత గీశాక చెక్కమీద పరిచి, చిన్న ఉలిని సుత్తితో కొడుతూ రంధ్రాలు వేస్తారు. సీతమ్మ నగలు, చీర అంచు అన్నీ ఈ రంధ్రాలే. తెరమీద మెరిసేది రంగు కాదు, ఆ చుక్కల్లోంచి వచ్చే వెలుగు. రంగు రెండువైపులా వేస్తారు, ఇందులో ఆడవాళ్ల చేయి ఎక్కువ.

ఇప్పుడు ఇళ్లు గడిచేది తోలుబొమ్మలాటతో కాదు, అదే తోలుతో చేసే లాంప్‌షేడ్లతో. రామాయణం రాత్రంతా ఆడించే రోజులు తగ్గాయి. మీ బృందానికి గంటసేపు ఆట కావాలంటే హార్మోనియం, మద్దెల, బొమ్మలు ఆడించేవాళ్లు అందరూ ఒకచోట చేరాలి. కనీసం వారం ముందే చెప్పి కొంత అడ్వాన్సు ఇవ్వండి. పని చూపించినందుకు కూడా విడిగా డబ్బు ఇవ్వడం న్యాయం. ఆ రెండు గంటలు ఉలి ఆగినట్టే కదా.

కొనేటప్పుడు బొమ్మను వెలుగుకు ఎత్తి చూడండి. అసలు తోలులో మందం అక్కడక్కడా మారుతుంది, సన్నని నరాల జాడ కనిపిస్తుంది. ప్లాస్టిక్ షీటు ఒకే తీరుగా ఉంటుంది. ధరను సైజుతో కొలవకండి: చిక్కటి చుక్కలున్న జానెడు బొమ్మకు, ఖాళీగా వదిలిన మూరెడు బొమ్మకన్నా ఎక్కువ పని పడుతుంది. షేడ్ అయితే బల్బు మార్చడానికి చేయి పడుతుందో లేదో చూడండి, చట్రానికి తుప్పు ఉందేమో తడిమి చూడండి.

ప్రభుత్వ హస్తకళల దుకాణమైన లేపాక్షి ఎంపోరియంలో స్థిర ధర, బిల్లు ఉంటాయి, తొందరలో ఉన్నవాళ్లకు అదే నయం. ఊళ్లో కొంటే డబ్బు నేరుగా చేసినవాళ్ల చేతికే చేరుతుంది, పైగా కొలత చెప్పి చేయించుకోవచ్చు. మధ్యవర్తి చెప్పే 'కళాకారుల సంఘం' మాటను అలాగే నమ్మవద్దు. ఉలి పట్టినవారికెంత, రంగు వేసినవారికెంత అని అడగండి. జవాబు సూటిగా వస్తే అక్కడ కొనండి.

అనంతపురంలో ఒక పూట మిగిలితే, 1969లో మొదలైన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) నడిపే దివ్యాంగ మహిళల చేతిపనులు చూడండి. ఇవి తోలుపని కాదు, కానీ నాణ్యత బాగుంటుంది.

తోలు తేమను పీల్చుకుంటుంది, వానాకాలంలో అంచులు చుట్టుకుంటాయి. అలాంటప్పుడు ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. రెండు అట్టల మధ్య పెట్టి, బరువు కింద రెండు మూడు రోజులు ఉంచండి. షేడ్‌లో పాత గుండు బల్బు వద్దు, వేడికి తోలు ముడుచుకుంటుంది. పసుపు వెలుగిచ్చే చిన్న ఎల్‌ఈడీ చాలు. బొమ్మను మడవకుండా, చుట్టకుండా అట్టల మధ్యే ఇంటికి తీసుకెళ్లండి.