కాలేజీ బృందగానం: కాగితమా, స్వరాలా, నోటిపాఠమా?

చూపులేనివాళ్ళు, వినికిడి తక్కువున్నవాళ్ళు, సంగీతం ఓనమాలు తెలియనివాళ్ళు కలిసి ఉన్న గుంపుకు పాట ఎలా చెప్పాలని కాలేజీల్లో బృందగానం నేర్పేవాళ్ళు తరచూ అడుగుతుంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవాళ్ళకు కేటాయించాలి. కాబట్టి ఈ ప్రశ్న ఇవాళ కాకపోతే రేపు ప్రతి సంగీతం గదికీ వస్తుంది.

సాహిత్యం కాగితం పంచొచ్చు, స్వరాలు రాసివ్వొచ్చు, నోటిపాఠం చెప్పొచ్చు. నా మొగ్గు నోటిపాఠం వైపే.

నేను ముఖ్యంగా చూసేది పాట అందరికీ ఒకేసారి అందుతుందా లేదా అన్నది. కాగితం పంచిన రోజే చూపున్నవాళ్ళు పల్లవి అందుకుంటారు. చూపులేని అమ్మాయి పక్కనున్న పిల్లను "ఏం రాసుందే?" అని గుసగుసగా అడుగుతుంటుంది. బ్రెయిలీలో చేయించి తెచ్చేసరికి మిగతావాళ్ళు చరణం దాటి ఉంటారు. నోటిపాఠంలో ఈ తేడా రాదు. నేనో ముక్క పాడతాను, అందరూ అందుకుంటారు. భజనల్లో మనవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే. తెలుగు చదవడం రాని ఉర్దూ మీడియం పిల్లలకూ ఇదే సుఖం.

అయితే పాట ఎత్తుకోమని చేత్తో సైగ చేసే అలవాటు మార్చుకోవాలి. చూపులేనివాళ్ళకు ఆ చెయ్యి ఉన్నా లేనట్టే. ఎత్తుకునే ముందు పాట లయలోనే, వినపడేలా గట్టిగా ఊపిరి పీల్చండి, గుంపంతా ఆ ఊపిరి మీదే ఎత్తుకుంటుంది. ఆపడానికి మాత్రం ఇది పనికిరాదు. చివరి అక్షరాన్ని ఎన్ని మాత్రలు (తాళం లెక్కలు) నిలపాలో ముందే లెక్క చెప్పుకోవాలి.

నోటిపాఠం చతికిలబడేది వినికిడి తక్కువున్నవాళ్ళ దగ్గర. వాళ్ళకు సాహిత్యం చేతిలో ఉండాలి, మన పెదాలు కనబడాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మన ముఖం నీడలో పడి వాళ్ళకేమీ తెలియదు. వినికిడి యంత్రం మన గొంతుతో పాటు సీలింగ్ ఫ్యాన్ మోతనూ పెంచుతుంది కాబట్టి, ఎండాకాలమైనా సరే, నేర్పేంతసేపు ఫ్యాన్ ఆపక తప్పదు. మిగతావాళ్ళు సణుగుతారు, సణగనివ్వండి.

అందుకని కాగితాన్ని పూర్తిగా మానేయమనను. ముందురోజు సాయంత్రమే సాహిత్యాన్ని వాట్సాప్‌లో టైపు చేసి పంపండి. చేత్తో రాసి ఫొటో తీసి పంపితే చూపులేనివాళ్ళ ఫోన్ దాన్ని సరిగ్గా చదవలేదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్ళూ అంతే, తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఫోన్ సదుపాయం టాక్‌బ్యాక్‌కు అవి అర్థంలేని అక్షరాలు. యూనికోడ్‌లో ఉంటే హాయిగా చదివి వినిపిస్తుంది.

స్వరాలు రాసివ్వడం ఇప్పటికే సరిగమలు వచ్చినవాళ్ళకు బాగుంటుంది. రానివాళ్ళకు అదొక అదనపు పాఠం. టైపు చేసి పంపితే స్థాయి (పై స్వరమా, కింది స్వరమా అన్నది) చూపే చుక్కలు ఎగిరిపోతాయి. పాశ్చాత్య సంగీతాన్ని గీతల మీద రాసే స్టాఫ్ నోటేషన్‌కు బ్రెయిలీ లిపి ఉంది గానీ, ఒక సెమిస్టర్‌లో నేర్పి పాడించడం అయ్యే పని కాదు. చర్చి క్వాయర్లో పెరిగిన పిల్లలుంటే వాళ్ళ వరకు వాడుకోండి.

గుంపును భాగాలుగా విడదీసి ఒకేసారి వేర్వేరు స్వరాల్లో పాడించాలంటే నోటేషన్ తప్పదని కొందరంటారు. మద్రాస్ యూత్ క్వాయర్‌ను నడిపిన చిత్తూరు జిల్లా మనిషి ఎం.బి. శ్రీనివాసన్ మన భాషల పాటలకు భాగాలు కట్టి పాడించారు, ఆ స్థాయి పనికి రాత అవసరం కావచ్చు. మన కాలేజీ గుంపుకు రెండు భాగాలు చాలు, అవి చెవితోనే వస్తాయి. స్వరం నిలవనివాళ్ళకు ఆధార షడ్జమం (పాటకు శ్రుతిగా నిలిచే 'స') పట్టుకునే పని ఇస్తే వాళ్ళూ పాటలోనే ఉంటారు. శ్రుతి మాటకొస్తే, అబ్బాయిలకు ఒకటో శ్రుతి, అమ్మాయిలకు అంతకన్నా ఎత్తైన అయిదో శ్రుతి సుఖం, ఇద్దరూ కలిసి పాడాలి కాబట్టి ఒక స్థాయి (స నుంచి పై స వరకు) దాటని పాట ఎంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

యూనివర్సిటీ యువజనోత్సవాల బృందగానం పోటీ సంగతి వేరు. అక్కడ వేదిక మీద పాడేది ఆరుగురికి మించకూడదు, ఎంపిక తప్పదు. ఆ ఆరుగురి సాధన వేరే రోజు పెట్టుకోండి, అందరి క్లాసులో సగం మందిని ప్రేక్షకులుగా కూర్చోబెట్టొద్దు.